ఎడమ పక్క పైపు

ఫిబ్రవరి 11

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఊరెళ్ళిన దగ్గర్నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నావు. నేనే ఎత్తడం లేదు. కోపమేమీ లేదురా. ఈ ఇంటి గోడలు పల్చన. నేనేం మాట్లాడినా మీ బావ పక్క గదిలో మంచం మీద పడుకుని వింటాడు. వింటున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అలాంటప్పుడు ఫోన్లో "బాగానే ఉన్నాం" తప్ప ఇంకేం చెప్పను? అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నువ్వు రాసేవి ఇంటికి కాకుండా నేను పనిచేసే లాండ్రీకి పంపు. ఇక్కడ ఇస్త్రీ బల్లల మధ్య కూర్చుని చదువుకుంటాను. ఈ ఆవిరిలో కళ్ళు తుడుచుకున్నా ఎవరూ పట్టించుకోరు.

చెట్టంత కొడుకు, మన చంటోడు పోయిన కొత్తలో గుమ్మం నిండా వచ్చినోళ్ళ చెప్పులే. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. గ్యారేజీ మెకానిక్ మేస్త్రీ, వాళ్ళావిడ పిన్నీ మాత్రం సాయంత్రం పూట వచ్చి కాసేపు కూర్చుంటారు. మేస్త్రి పెద్దగా మాట్లాడడు. ఏం మాట్లాడతాడు, మనవాడికి స్పానర్ పట్టుకోవడం నేర్పిందే ఆయన. పిన్ని నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. మీ బావ వాళ్ళు వచ్చినప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటాడు.

గ్యారేజీకి వెళ్ళడం లేదు. గడ్డం తీయడం లేదు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు కెలికి లేస్తాడు. నిన్న పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే వెనకనుంచి పిలిచాడు. "మీ తమ్ముడు బుల్లి కార్లు చేస్తాడు కదా. ఇది దొరుకుతుందేమో అడుగు."

"ఏది?" అన్నాను.

"ఇంకేది" అన్నాడు.

అదేరా. ఆ ఇటలీ కారు. గ్యారేజీ ఓనరు తనకని కొన్న ఆ తుప్పు కారుని తండ్రీ కొడుకులిద్దరూ కలిసి డెంటింగూ వెల్డింగూ చేసి, రంగు వేసి, కొత్త పెళ్ళికూతుర్ని చేసినట్టు తయారుచేశారు. ఓనరు "ఓ రౌండ్ వేసి రారా" అంటే మనవాడు నవ్వుకుంటూ ఎక్కాడు. వంతెన దిగే చోట బ్రేకు పడలేదు. గోడ. నువ్వు చూశావుగా ఆ గోడ.

దాని పేరు ఎత్తడం నాకిష్టం లేదు. అయినా మనిషి నోరు విప్పి అడిగిన మొదటి కోరిక ఇది. దొరికితే పంపు.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం నా కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో, ఎవరిదో పైపళ్ళ సెట్టు చేతిలో ఉండగా వచ్చింది. ఆ సెట్టు పక్కన పెట్టేసి మళ్ళీ మొదట్నుంచి చదివాను.

బావ నా బొమ్మల్ని అడిగాడంటే నమ్మబుద్ధి కాలేదు. మీ పెళ్ళయిన కొత్తలో "పళ్ళు కట్టేవాడికి పని తక్కువై కార్లు కడుతున్నాడు" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. ఇప్పుడు అనమను, ఎన్నైనా అనమను, పడతాను.

ఈ కారు బొమ్మ ఒక పేరున్న కంపెనీది నా అలమరలోనే ఉంది. పెద్ద కారులో ఇరవై నాలుగో వంతు. జానెడు కూడా ఉండదు. డబ్బా విప్పని కిట్. ముక్కలన్నీ ఫ్రేముకే అంటుకుని ఉంటాయి, కోసుకుని అతికించుకోవాలి. ఆ పని మనసుకి మంచిది అక్కా. నేను బాగా దెబ్బతిన్నప్పుడల్లా ఏదో ఒక కిట్ విప్పి కూర్చుంటాను. చేతులకి పని ఉంటే తల కాస్త ఊరుకుంటుంది.

ఒక్క లోపం ఉంది, బావ కనిపెట్టేస్తాడు కాబట్టి ముందే చెప్తున్నాను. ఈ కారుకి మొదట్లో వచ్చినవాటిలో బానెట్ అంచు ముక్కు మీద చిన్న మెట్టులా లేచి ఉంటుంది. తర్వాతవాటిలో నున్నగా కలిసిపోతుంది. డబ్బా మీద బొమ్మ మొదటి రకానిది, లోపల ప్లాస్టిక్ రెండో రకానిది. ఇలాంటి దగా మా లోకంలో మామూలే. మనవాడు చేసింది మెట్టున్న రకం కదా. పుట్టీతో ఆ మెట్టు కట్టి పంపుతున్నాను. ఎర్రరంగు డబ్బీ, పందెం కార్ల నంబరు స్టిక్కర్లు కూడా పెట్టాను. మనవాడికి ఎరుపంటే ఇష్టం.

బావని బలవంతపెట్టి కూర్చోబెట్టు.

తమ్ముడు


మార్చి 6

తమ్ముడూ,

పార్సిల్ వచ్చింది. మీ బావ డబ్బా చించి, కారు ముక్కుని కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా అడుగు పలక తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. "ఏం లేదిక్కడ" అని విసిరేశాడు. అది గోడకి తగిలి రెండు ముక్కలైంది. స్టిక్కర్లు కాళ్ళ కింద.

ఎర్రరంగు పంపినందుకేనేమోరా. ఆ కారు బూడిదరంగు. నువ్వు మర్చిపోయినట్టున్నావు. చంటోడు ఆఖరుసారి దానికి పూసిన రంగు కదా, అది కాకుండా ఇంకోటి చూసేసరికి మనిషికి పూనకం వచ్చినట్టయింది. సరిగ్గా అదే బూడిదరంగు పంపగలవా? ఈసారి జాగ్రత్తగా చూసి పంపరా. రంగులాంటి చిన్న విషయం.

అక్క


మార్చి 17

అక్కా,

రంగు మర్చిపోవడం నా తప్పే. కానీ "చిన్న విషయం" అన్నావే, ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఆ బానెట్ మెట్టు కట్టడానికి ఒక ఆదివారమంతా పుట్టీలో వేళ్ళు పెట్టి కూర్చున్నాను. సరే, పోనీలే.

అడుగున ఏమీ లేదన్న మాట నిజం. ఆ అచ్చు ఒకప్పుడు బ్యాటరీ పెట్టి నడిపే బొమ్మ కోసం పోసింది. మోటారు పట్టాలని అడుగుభాగాన్ని బల్లపరుపుగా చేసేశారు. ఎవరూ తిరగేసి చూడరని కంపెనీవాళ్ళ ధీమా. బావలాంటి పనివాడికి అది చూస్తే ఒళ్ళు మండదా మరి!

అందుకని ఈసారి వెతికి వెతికి, అడుగుభాగం పూర్తిగా ఉన్నవి రెండు సంపాదించాను. రెండూ పంపుతున్నాను, ఏది నచ్చితే అది కట్టమను. ఒకటి పెద్ద కంపెనీది. పైకప్పు కొంచెం కిందికి నొక్కినట్టుంటుంది, చక్రాల వంపులు మరీ గుండ్రం, కానీ అడుగున గొట్టాలూ స్ప్రింగులూ విడివిడిగా ఉన్నాయి. రెండోది ఒక ముసలి ఆసామి ఇంట్లో రెజిన్ అనే ప్లాస్టిక్‌తో పోసి అమ్మేది. పైకప్పు అచ్చం అదే. బ్రేకు పైపుతో సహా పోశాడు మహానుభావుడు! బూడిదరంగు డబ్బీలు రెండు షేడ్లలో పెట్టాను.

ఇక బావకి నన్ను వెక్కిరించడానికి సందు దొరకదు.

తమ్ముడు


ఏప్రిల్ 4

తమ్ముడూ,

నిన్ను తిట్టాలో, నన్ను నేను తిట్టుకోవాలో తెలీడం లేదు. నువ్వు మంచి మనసుతోనే పంపావు. రంగు కాదురా. మనిద్దరం గుడ్డోళ్ళం.

ఆ రెండు కార్లూ వచ్చినప్పట్నుంచీ మీ బావ వాటిని వెల్లకిలా పక్కపక్కన పెట్టుకుని భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. మొదటిరోజు సంబరపడ్డాను. పని మొదలుపెట్టాడనుకున్నాను. ఒక్క ముక్కా అతికించడే! జిగురు మూతే తియ్యలేదు. మొన్న ఇక ఉండబట్టలేక పక్కన కూర్చుని, "ఏం చూస్తున్నావయ్యా?" అన్నాను.

చెప్పాడు. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఆ కారు నేల తుప్పు తినేసిందట. ఎడమ పక్క సీటు కింద అరచెయ్యంత రేకు ముక్క పెట్టి ఈయనే గ్యాస్ వెల్డింగ్ చేశాడట. అప్పటికి ఇంజను విప్పారుగానీ కింద గొట్టాలు విప్పలేదట. వెనక చక్రాలకి వెళ్ళే బ్రేకు పైపు కారు పొట్టకింద పొడుగునా వెళ్తుందట. ఆ కాలపు కార్లకి ఆ ఒక్క పైపు పోతే నాలుగు బ్రేకులూ పోయినట్టే. "అది ఎడమ పక్కనుంచి వెళ్తే, నా మంట దానికి తగిలే ఉంటుంది. పైకి తెలీకుండా కాలి, పల్చబడి, వాడు గట్టిగా తొక్కేసరికి..." అని ఆగిపోయాడు. "కుడి పక్కనుంచి వెళ్తే నా మంట తగిలే దారి లేదు. ఎటో గుర్తు రావట్లేదే. ఎన్ని కార్ల కింద పడుకున్నానో, అన్నీ కలిసిపోతున్నాయి. కళ్ళు మూసుకుంటే ఒకసారి ఎడమన కనిపిస్తుంది, ఒకసారి కుడిన."

అసలు కారు చూద్దామంటే ఓనరు దాన్ని వెంటనే ముక్కలు కోయించి తూకానికి పంపేశాడు. పాపిష్టిది కళ్ళముందు ఉండకూడదని పంపాడేగానీ, ఇలా అవుతుందని ఆయనకేం తెలుసు!

నువ్వు పంపిన వాటిలో పెద్ద కంపెనీ దాంట్లో పైపు కుడి పక్కనుంది. ముసలాయన పోసిన దాంట్లో ఎడమ పక్కనుంది.

"మేస్త్రిని అడగొచ్చు కదా, బ్రేకులు బిగించింది ఆయనేగా" అన్నాను. "అడగను. నా మొహం చూసి జాలిపడి అబద్ధం చెప్తాడు. ప్లాస్టిక్‌కి జాలి ఉండదు. మీ తమ్ముణ్ణి అడుగు, ఏది సరైందో వాడు కనుక్కోగలడు" అన్నాడు.

నిద్ర లేదు, తిండి లేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. త్వరగా కనుక్కోరా. కుడి అని రాయి. అంటే, కుడి అయితే కుడి అని రాయి.

అక్క


ఏప్రిల్ 19

అక్కా,

ఈ ఉత్తరం చదివి వెంటనే చింపెయ్యి. బావ కంట పడనివ్వకు.

ఎటో తెలుసుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. ఫోటోలన్నీ పైనుంచి తీసినవే, ఎవడూ కారు కింద పడుకుని తియ్యడు. ఆ రెజిన్ ముసలాయనకి రాశాను. ఆయన మెట్టున్న రకం కారు ఒకదాన్ని స్వయంగా పైకెత్తించి, కింద పడుకుని, టేపు పట్టి కొలిచాడట. ఆ కొలతల కాగితాలు కాపీ తీసి పంపాడు. అలాంటి కారే బాగుచేసిన ఇద్దర్ని వేరుగా అడిగాను. ముగ్గురిదీ ఒకే మాట.

పెద్ద కంపెనీవాళ్ళు కొలిచింది స్టీరింగ్ అవతలి పక్కకి మార్చిన కారుని. స్టీరింగ్‌తోపాటు పైపు దారి కూడా మారింది. వాళ్ళు అది చూసుకోకుండా అన్ని రకాలకీ అదే అడుగు పలక వేసి అమ్మేస్తున్నారు. మన కారు అది కాదు.

మన కారుకి ఎడమ పక్కే అక్కా.

అయితే ఒకటి ఆలోచించు. పైపు అటు ఉన్నంత మాత్రాన బావ మంటే కారణమని కాదు. పాత పైపు, లోపల ఎప్పట్నుంచి తుప్పు తింటోందో ఎవడికి తెలుసు? బిగింపు దగ్గర కారి ఉండొచ్చు. కారే లేనప్పుడు ఎవరూ ఏదీ తేల్చలేరు. ఆ సంగతి బావకి నెమ్మదిగా, మంచి మాటల్లో నచ్చజెప్పు. నువ్వు రమ్మంటే నేనే వచ్చి చెప్తాను.

తమ్ముడు


ఏప్రిల్ 27

తమ్ముడూ,

నచ్చజెప్పమన్నావు. ఎవరికి నచ్చజెప్పను?

నీ ఉత్తరం రావడానికి ముందురోజు నేను లాండ్రీలో ఉండగా మా పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. మా వెనక షెడ్డులోంచి గ్యాస్ వాసన వస్తోందని. వెళ్ళేసరికి తలుపు లోపల గడియ. నేను కేకలేశాను. ఇద్దరు మగాళ్ళు భుజాలతో గుద్ది తలుపు పడగొట్టారు. మీ బావ సిలిండర్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, వాల్వ్ తెరిచి, ఏదో బస్సు కోసం కూర్చున్నవాడిలా. ఒళ్ళో ఆ ఎడమ పైపు కారు. బయటికి లాక్కొచ్చాక నన్ను చూసి, "ఉత్తరం వచ్చిందా?" అన్నాడు. అంతే.

ఇంకా రాలేదని చెప్పాను. మర్నాడు వచ్చింది. చదివి చింపేశాను.

ఒరేయ్, నేను ఒకణ్ణి పోగొట్టుకున్నాను. నిజం నిజం అని పట్టుకుని కూర్చుంటే రెండోవాడు కూడా పోతాడు. నీ చేతుల్లో పని. ఆ కారు మళ్ళీ చెయ్యి. పైపు కుడి పక్కన పెట్టు. అదే సరైందని ఆయన పేర రాయి. నీ మాట నమ్ముతాడు. నువ్వు సగం నూలుపోగంత తేడా ఉన్నా ఊరుకోవని ఆయనకి తెలుసు, అందుకే నమ్ముతాడు.

కాదనకు. నిన్ను నా చిన్నప్పుడు చంకనేసుకు తిరిగాను. ఇప్పటిదాకా నిన్ను ఏదీ అడగలేదు.

అక్క


మే 15

అక్కా,

పార్సిల్ ఇంటికే పంపాను, బావ పేర. లోపల బావకి వేరే ఉత్తరం ఉంది.

ఇంకో రెజిన్ కారు తెప్పించి, దాని ఎడమ పైపుని దంతాలు అరగదీసే ముల్లుతో గీకేశాను. కుడి పక్కన సన్నటి రాగి తీగ వంచి, క్లిప్పులతో సహా పెట్టాను. బావ భూతద్దం పెట్టి చూస్తాడని మురికి, నూనె మరక కూడా వేశాను. సీటు కింద అతుకు ఎక్కడుందో నువ్వు రాశావు కాబట్టి అదీ ఎడమ పక్క చూపించాను, పైపుకి ఎంత దూరమో కళ్ళకి కట్టేలా. నేను చేసిన అన్నిటిలోకీ బాగా కుదిరింది ఇదే. దాని ఫోటో మాత్రం తీసి పెట్టుకోలేదు.

ఉత్తరం రాయడం కష్టం కాలేదు. నీకు రాసిందే బావకీ రాశాను. కొలతలు, అడిగిన మనుషులు, స్టీరింగ్ మార్చిన కారు కథ, అన్నీ. పెద్ద కంపెనీవాళ్ళు చేసిన పొరపాటు ముసలాయన చేశాడని రాశాను, అంతే. ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టాను. ఆయన కొలతల కాగితాల మీద పేరు చెరిపేసి, బొమ్మలు అద్దంలో చూసినట్టు తిరగేసి కాపీ తీసి జతచేశాను. పాపం ఆ పెద్దమనిషి నేను అడిగినందుకు ఎంతో మురిసిపోయాడు.

ఇంకెప్పుడూ నన్ను ఇలాంటిది అడగకు.

తమ్ముడు


జూన్ 8

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయనిది తీరిక లేక కాదు. ఏ మొహంతో రాయాలో తెలీక.

ముందు మంచి చెప్తాను. నీ కారు చూసి, నీ ఉత్తరం రెండుసార్లు చదివి మీ బావ చిన్నపిల్లాడిలా భోరుమని ఏడ్చాడు. చంటోడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి పడుకుని, మర్నాడు లేచి గడ్డం గీసుకున్నాడు. అన్నం అడిగి పెట్టించుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నిన్ను తల్చుకుని దణ్ణం పెట్టుకున్నానురా, నిజంగా.

మళ్ళీ గ్యారేజీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు మామూలుగా గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి, "నా అతుకు కాకపోతే మరేమిటి?" అన్నాడు.

గరిటె గిన్నెలో పెట్టేశాను. "ఏదైతేనేం, పోయినవాడు తిరిగొస్తాడా, వదిలెయ్" అన్నాను.

"పైపు బాగున్నప్పుడు బ్రేకు ఎందుకు పోతుంది? బిగింపు దగ్గరే పోవాలి. బిగించింది ఎవరు?"

అంతేరా. ఈ మాట నీకూ నాకూ ఎందుకు తట్టలేదు? ఒకరి నెత్తిమీంచి తీసిన బరువు గాల్లో నిలబడుతుందనుకున్నామా?

మర్నాడు గ్యారేజీలో అందరి ముందూ మేస్త్రి కాలరు పట్టుకున్నాడట. "నా కొడుకుని నువ్వే చంపావు, వాడికి నట్టు బిగించడం నేర్పినవాడివి నీకు బిగించడం రాలేదా" అన్నాడట. కొట్టినా మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టుకోలేదట. ఓనరు చూశాడు. తనమీదికి రాకుండా ఎవరో ఒకరిమీద తేలితే చాలన్నట్టు, ఆ సాయంత్రమే మేస్త్రిని పనిలోంచి తీసేశాడు. ఆయన పనిముట్ల పెట్టె కూడా బయట పెట్టించాడు. వయసు పైబడ్డ మనిషి, ఎడమ చెవి వినపడదు, ఎవరిస్తారు పని?

పిన్నీ ఆయనా ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు.

ఏం చెయ్యమంటావు?

అక్క


జూన్ 16

అక్కా,

నీ ఉత్తరం చదివాక ల్యాబ్‌లో మూడు సెట్లు పాడుచేశాను.

ఇంకా ఏం చెయ్యమంటావని అడుగుతున్నావా? బావకి నిజం చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను రాస్తాను. ఏ పాపం ఎరగని మనిషిని వీధిలో పడేశాం మనిద్దరం. నువ్వు అడిగావని నేను చేశాను, నిజమే, కానీ చేసింది నా చేతులే. పోనీ గీకేసిన పాత పైపు గుర్తులు చూపించి ఒప్పిస్తాను. బావకి అర్థమవుతుంది, పనివాడు కదా.

సెలవు పెట్టాను. వచ్చే నెల మొదట్లో వస్తున్నాను. ఆ లోపల బావని మేస్త్రి ఇంటివైపు వెళ్ళనివ్వకు.

తమ్ముడు


జూలై 2

తమ్ముడూ,

నువ్వు బయల్దేరేలోపు ఇది చేరుతుందో లేదో తెలీదు. చేరితే, చదివాక నీ ఇష్టం. వచ్చి చెప్తానంటే నేను అడ్డుపడను. రానంటే ఎందుకు రాలేదని అడగను.

మొన్న ఆదివారం పొద్దున మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు. మీ బావ లేవబోతే నేను గట్టిగా చెయ్యి పట్టుకున్నాను. "కొట్టుకోడానికి రాలేదురా అబ్బాయ్. ఆ బొమ్మ ఏదో ఉందట కదా, చూపించు" అన్నాడు ఆయన.

మీ బావ అలమరలోంచి తీసి, తిరగేసి, మేస్త్రి చేతిలో పెట్టాడు. "చూడు, కళ్ళు విప్పి చూడు. ఇదిగో నా అతుకు. ఇదిగో పైపు. ఎక్కడైనా తగులుతుందా?"

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఆ పైపు తన చేత్తో తుడిచి, తన చేత్తో పట్టి చూసుకున్న మనిషి. బొటనవేలు ఎడమ పక్క మీద, నువ్వు గీకేసిన చోటే, అటూ ఇటూ తిరిగింది. తర్వాత తలెత్తి మీ బావ మొహం చూశాడు. నున్నగా గీసిన గడ్డం, కాస్త కండపట్టిన బుగ్గలు చూశాడు.

"అవునురా. ఇలాగే ఉండేది. కుడి పక్కే" అన్నాడు. "బిగించింది నేనే. సరిగ్గా బిగించలేదేమో. వయసైపోయింది, చేతిలో బలం లేదు."

మీ బావ ఏమంటాడో అనుకున్నాను. కారు లాక్కుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మేస్త్రి తాగి, చెప్పులేసుకుంటూ, వంగిన నడుముతోనే, నాకు మాత్రం వినపడేట్టు అడిగాడు. "తింటున్నాడా అమ్మాయ్?"

"తింటున్నాడు" అన్నాను.

"నిద్రపోతున్నాడా?"

"పోతున్నాడు."

"సరే" అన్నాడు. నన్ను నిలదీసినా బాగుండేది. కాళ్ళమీద పడదామనుకున్నాను. వంగేలోపు వీధి మలుపు తిరిగిపోయాడు. తిన్నగా కూడా నడవలేకపోతున్నాడు, పెట్టె మోసి మోసి ఒక భుజం కిందికి దిగిపోయింది.

ఆ రాత్రి మీ బావ నాతో అన్నాడు, "చూశావా, ఒప్పుకున్నాడు." అని దిండుకి తలానించిన మరుక్షణం నిద్రపోయాడు. నేను ఆయన పక్కన కూర్చుని రెండుసార్లు భుజం తట్టబోయాను. నీ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. లేపలేదు.

నిన్న పిన్ని లాండ్రీకి వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తున్నారట, కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. ఉతకడానికి దుప్పట్లు తెచ్చానని చెప్పింది గానీ చేతిలో ఏమీ లేదు. ఇస్త్రీ బల్లకి అవతల నిలబడి, నా కళ్ళల్లోకి చూస్తూ అడిగింది.

"అమ్మాయ్, మా ఆయన ఇంటికొచ్చి నేనే చేశానంటున్నాడు. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదే. రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు. ఆయన ఎవరేమన్నా ఔనంటాడు, ఆయన మాట నేను నమ్మను. నువ్వు అబద్ధమాడవు. నువ్వు చెప్పు, నిజంగా ఆయనేనా?"

చుట్టూ ఆవిరి. ఇస్త్రీ పెట్టె బట్టమీదే వదిలేశాను కాబోలు, కాలిన వాసన వస్తోంది.

నేను ఔనన్నాను.

అక్క